ప్రయాణపు సంచీలో పుస్తకాలు

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ అనే రెండు పెద్ద పేటలున్నాయి. విజయవాడ వెళ్ళే పెద్ద రోడ్డు ఈ రెండింటి మీదుగానే పోతుంది. పూర్వం నగరాలకు కోటగోడలూ, సింహద్వారాలూ ఉండేవి. ఈ పేటలకు అటువంటివేమీ లేవు. అయినా, నగరానికి తూర్పు సింహద్వారం ఏదని ఎవరైనా అడిగితే ఎల్బీ నగర్ కూడలిని చూపించవచ్చు. సంక్రాంతికి ముందు రెండుమూడు రోజులు అక్కడి సందడి చూసి తీరాలి. పెట్టెలు, సంచులు, చంకన పిల్లలు, చేతికర్రలతో తాతలు, వచ్చే ప్రతి బస్సు బోర్డు కేసీ మెడలు చాచి చూసే జనం! నగరం నగరమంతా ఎక్కడికో బయలుదేరినట్టుంటుంది.

ఎల్బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. 1964 నుంచి 1966 దాకా మన దేశానికి ప్రధానమంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి పేరే ఈ పేటకు పెట్టారు. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి. దారిలో మళ్ళీ తగులుతుంది.

ఈ కూడలి నుంచి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి తూర్పుగా విజయవాడ పోతుంది. ఒకటి దక్షిణం కేసి తిరిగి నాగార్జునసాగరు పోతుంది. మూడోది నాగోలు మీదుగా ఉప్పలుకు చేరుతుంది. ఉప్పలులో వరంగల్లు రోడ్డు అందుకోవచ్చు.

సెలవల్లో ఏ దారిన పోవాలి, ఎక్కడ బస చెయ్యాలి అన్నది పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు. దారిలో తినటానికి పులిహోర, సకినాలు కూడా వాళ్ళే సర్దుతారు. పిల్లలు తమంత తాము చెయ్యగలిగిన ఏర్పాటు ఒకటున్నది. వెంట ఏ పుస్తకాలు తీసుకుపోవాలో ఎంచుకోవటమే అది. బట్టలూ, తువ్వాళ్ళూ పెట్టగా సంచీలో రెండు మూడు పుస్తకాలకే చోటు మిగులుతుంది. కనక చేతికందినవి పడెయ్యకుండా, ఆలోచించి ఎంచాలి. ఇది చూడటానికి చిన్న పనే. కాని సరిగా చెయ్యకపోతే ఎంతో దూరం పోయి కూడా సగమే చూసి తిరిగివస్తాము. ఎట్లాగంటారా? ముందు సాగరు దారిన పోయి చూద్దాం.

నీటి కింద నగరం

సాగరు రోడ్డు తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు పోయి కృష్ణానదిని చేరుతుంది. అక్కడ నదికి అడ్డంగా గొప్ప ఆనకట్ట ఉన్నది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ దీని కాలవలకు నీరు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ఇది ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. దీని ఎత్తు 124 మీటర్లు. అంటే సుమారు నలభై అంతస్తుల మేడ అంత. గేట్లు 26. కుడి కాలవ పేరు జవహర్ కాలవ. ఎడమ కాలవ పేరు లాల్ బహదూర్ కాలవ. చూశారా, ఎల్బీ నగర్‌లో బస్సెక్కినవాడికి ఇక్కడ తన పేట పేరే కాలవగా పారుతూ కనిపిస్తుంది!

ఆనకట్టను చూసి ఆశ్చర్యపడటానికి పుస్తకం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. దాని వెనక ఉన్న జలాశయం సంగతి మాత్రం వేరు. పైకి కనిపించేది నీళ్ళే. అడుగున ఒక నగరమున్నది.

సుమారు 1700 ఏళ్ళ కిందట అక్కడ లోయ ఉండేది. ఆ లోయలో విజయపురి అనే నగరాన్ని రాజధాని చేసుకుని ఇక్ష్వాకు రాజులు పాలించారు. స్తూపాలూ, బౌద్ధ భిక్షువులు నివసించే విహారాలూ, దేవాలయాలూ, నదికి దిగే మెట్లూ, జనం చుట్టూ కూర్చుని వినోదాలు చూడటానికి అంచెలంచెలుగా కట్టిన రంగస్థలమూ అక్కడ ఉండేవి. కాలక్రమాన అదంతా శిథిలమై మట్టిలో కలిసింది. 1926లో ఆ శిథిలాల జాడ తెలిసింది. తరవాత కొంతకాలానికి ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం జరిగింది. దానితో పురావస్తు శాఖవారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. నీరు వచ్చేలోగా లోయ అంతా తవ్వి చూడాలి! 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను విప్పి, తరలించి, తిరిగి నిర్మించారు. వాటిలో కొన్ని లోయలోని కొండ మీదికీ, మరికొన్ని అనుపు అనే చోటికీ చేరాయి. మిగిలినదంతా నీటిలో మునిగిపోయింది. ఆ కొండే నేడు జలాశయం మధ్య ద్వీపంగా నిలిచిన నాగార్జునకొండ. అక్కడ మ్యూజియం ఉన్నది.

ఇప్పుడు కొండకు పోయే లాంచీలో ఒక అన్నా, చెల్లెలూ పక్కపక్కనే కూర్చున్నారనుకోండి. అన్న ఏమీ చదవకుండా వచ్చాడు. వాడికి నాలుగు వైపులా నీళ్ళు కనిపిస్తాయి. కాసేపు చూసి, "ఇంకా ఎంతసేపు, నాన్నా?" అంటాడు. చెల్లెలు ఈ లోయ కథ ముందే చదివింది. ఆమె నీళ్ళలోకి వంగి చూస్తూ, "నాన్నా, విజయపురి వీధులు ఇప్పుడు మన కిందనే ఉన్నాయా?" అని అడుగుతుంది. ఇద్దరికీ టిక్కెట్టు ఖరీదు ఒకటే. కాని ఒకరు నీటిని చూసి వచ్చారు, ఇంకొకరు నగరాన్ని చూసి వచ్చారు. ప్రపంచంలో కొన్ని చోట్లను కంటితో మాత్రమే చూడటం సాధ్యం కాదు. ముందుగా పుస్తకంలో చూసి, తరవాత అక్కడికి పోవాలి.

అయితే ఏ పుస్తకం? పెద్దలు చదివే లావుపాటి చరిత్ర గ్రంథం అక్కర్లేదు. నాగార్జునకొండలో దొరికిన రాతి ఫలకాల మీద బుద్ధుడి జీవిత ఘట్టాలూ, జాతక కథలూ చెక్కి ఉన్నాయి. మాంధాత కథ అందులో ఒకటి. మాంధాత భూలోకమంతా ఏలి, తృప్తి చెందక స్వర్గానికి పోయాడు. అక్కడ ఇంద్రుడి రాజ్యంలో సగం దొరికింది. అదీ చాలక, మిగతా సగం కూడా కావాలనుకుని కిందపడ్డాడు. ఈ కథ తెలియనివాడు ఫలకం ముందు నిలబడితే కిరీటాలు పెట్టుకున్న మనుషులు కనిపిస్తారు, అంతే. కథ తెలిసినవాడికి ఆ రాయి మాట్లాడుతుంది. కనక సాగరు దారిన పోయే పిల్లలకు పలచని జాతక కథల పుస్తకమొకటి చాలు. దాన్ని బయలుదేరటానికి ముందే చదివెయ్యాలి.

ఇది మొదటి సూత్రం. పోయే చోటుకు సంబంధించిన పుస్తకం ఒకటి ఉండాలి. దాన్ని పోయేలోగా చదవాలి.

నవలా? చరిత్రా?

ఇక వరంగల్లు దారి. ఉప్పలు దాటిన తరవాత ఘట్‌కేసర్, ఏకశిల మీద కోట ఉన్న భువనగిరి, జనగామ మీదుగా పోతే కాకతీయుల ఓరుగల్లు వస్తుంది. అక్కణ్ణించి ముందుకు పోతే ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప దేవాలయం ఉన్నది. దీన్ని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. దీని శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఏ వస్తువైనా తనంత పరిమాణం గల నీటికన్న తేలికగా ఉంటే తేలుతుంది, బరువుగా ఉంటే మునుగుతుంది. ఈ ఇటుకల నిండా సన్నని రంధ్రాలుండటంచేత అవి నీటికన్న తేలికగా ఉన్నాయి. శిఖరం తేలిక అయితే కింది గోడలకూ, పునాదికీ భారం తగ్గుతుంది.

కాకతీయుల కాలం గురించి చదవదలిచినవారికి రెండు రకాల పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి చరిత్ర, రెండోది చారిత్రక నవల. అడివి బాపిరాజు రాసిన "గోన గన్నారెడ్డి" రుద్రమదేవి కాలంలో జరిగినట్టు రాసిన నవల. నవల చదువుతుంటే గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తుంది, పక్కన ఎవరు పిలిచినా వినపడదు. కాని నవలలో జరిగినదీ, రచయిత ఊహించినదీ కలిసిపోయి ఉంటాయి. చరిత్ర పుస్తకం శాసనాలనూ, నాణేలనూ చూసి నిజం తేల్చటానికి ప్రయత్నిస్తుంది. అయితే అది నవలలాగా పరిగెత్తదు.

ఈ రెండింటిలో ఏది మంచిదని వాదులాడుకోవటం అనవసరం. రెండూ కావాలి. నవల ఆ చోటికి పోవాలనే కోరిక పుట్టిస్తుంది. చరిత్ర అక్కడ దేన్ని చూడాలో చెబుతుంది. ఒకే పుస్తకానికి చోటున్నట్టయితే ఒక ఉపాయం ఉన్నది. నవల అన్న చదివి, చరిత్ర చెల్లెలు చదివి, ఒకరి కథ ఒకరికి చెప్పుకోవచ్చు. రామప్ప గుడిలోని నర్తకుల శిల్పాలను చూసేవారు ఇంకొక పేరు తెలుసుకోవాలి. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని నృత్యం గురించి "నృత్తరత్నావళి" అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఏనుగుల సేనను నడిపినవాడు నాట్యశాస్త్రం రాశాడంటే ఆ కాలం ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

పుస్తకం వయసు

మూడో దారి విజయవాడ రోడ్డు. దాని మీద ప్రయాణం చేసేవారు చౌటుప్పల్ దగ్గరినుంచి పోచంపల్లికి పోవచ్చు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడ ఉండగా, భూమి లేని పేదల కోసం వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అట్లా పుట్టింది. అందుచేతనే ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. అక్కడి నేతగాళ్ళు బట్ట నేసిన తరవాత రంగు అద్దరు. ముందే పోగులను లెక్కప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ పోగులను నేసినప్పుడు, అప్పటిదాకా కనిపించని డిజైను మగ్గం మీద తేలి వస్తుంది.

పోచంపల్లి గురించి 2010లో అచ్చయిన పుస్తకం మీకు దొరికిందనుకోండి. అందులో ఈ ఊరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, నల్లగొండ జిల్లాలో ఉన్నదని రాసి ఉంటుంది. ఆనాడు అది నిజమే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016లో జిల్లాలను విభజించారు. ఇప్పుడు పోచంపల్లి ఉన్నది తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లాలో. మగ్గం గురించి ఆ పుస్తకం చెప్పినది పాతబడలేదు, జిల్లా మాత్రం పాతబడింది. కనక పుస్తకం ఎంచేటప్పుడు మొదటి పేజీల్లో అచ్చయిన సంవత్సరం చూడాలి. కథలకు వయసు లేదు. బస్సులకూ, సరిహద్దులకూ, మ్యూజియం తెరిచే వేళలకూ మాత్రం వయసు ఉన్నది.

అయితే పాత పుస్తకమని తీసిపారెయ్యరాదు. ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేశాడు. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. అప్పటికి మన దేశంలో రైళ్ళు లేవు, మోటార్లు లేవు. ప్రయాణానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. ఏ ఊళ్ళో మంచినీళ్ళు దొరుకుతాయో, దారి ఎట్లా ఉన్నదో, ఎక్కడ ఏమి వస్తువులు దొరుకుతాయో ఆయన రాసి పెట్టాడు. అదే 1838లో అచ్చయిన "కాశీయాత్ర చరిత్ర". ఈ పుస్తకాన్ని నమ్మి ఈనాడు కాశీ పోలేము. కాని మన తాతముత్తాతల కాలంలో ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి పోవటమంటే ఏమిటో దీనివల్ల తెలుస్తుంది. దాని భాష పాతది గనక పిల్లలు ఒంటరిగా చదవటం కష్టం. తాతయ్యనో నానమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోవాలి.

బస్సులో తల తిరగటమెందుకు?

రెండో పుస్తకం దారిలో చదువుకోవటానికి. ఇక్కడొక ఇబ్బంది ఉన్నది. బస్సులో పుస్తకం పట్టుకుంటే చాలామందికి తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. దీనికి కారణం మన చెవిలో ఉన్నది. లోపలి చెవిలో అర్ధచంద్రాకారంలో మూడు సన్నని గొట్టాలుంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మనం కదిలినా, తిరిగినా, ఆగినా చెవి ఆ సంగతి గ్రహించి మెదడుకు తెలియజేస్తుంది. బస్సులో పుస్తకం చూస్తున్నప్పుడు, "ఏమీ కదలటం లేదు, అక్షరాలు నిలకడగా ఉన్నాయి," అని కళ్ళు చెబుతాయి. "కాదు, మనం ఊగుతున్నాం, మలుపు తిరుగుతున్నాం," అని చెవి చెబుతుంది. రెండు సాక్ష్యాలు కలవకపోయేసరికి మెదడు తికమకపడుతుంది. ఆ తికమకే తల తిప్పు. కిటికీలోనుంచి దూరంగా ఉన్న కొండనో చెట్టునో చూస్తే కళ్ళకు కూడా కదలిక తెలుస్తుంది గనక ఉపశమనం కలుగుతుంది.

కనక బస్సు ప్రయాణానికి పెద్ద కథ ఉన్న పుస్తకం పనికిరాదు. పొడుపుకథలు, చిన్న చిన్న హాస్యకథలు మేలు. బస్సు ఆగినప్పుడు ఒక పేజీ చదివి, కదిలిన తరవాత దాన్ని గురించి మాట్లాడుకోవచ్చు. ఒక పొడుపుకథ అడిగితే దాన్ని విప్పేలోగా రెండు ఊళ్ళు దాటిపోతాయి. ముళ్ళపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు వేసిన "బుడుగు" వంటి పుస్తకం ఉంటే ఒకరు పైకి చదవవచ్చు, ఇంటిల్లిపాదీ వినవచ్చు. రైలులో కుదుపు తక్కువ గనక చాలామంది తేలికగానే చదువుకుంటారు.

దారిలో చదివించాలనే ఆలోచన మన తెలుగువారికి చాలాకాలం కిందటే వచ్చింది. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు జనం కాలవల మీద పడవల్లో ప్రయాణం చేసేవారు. పడవ మెల్లగా పోయేది. ప్రయాణీకులకు కాలక్షేపం ఉండేది కాదు. 1935లో గుంటూరు ప్రాంతాన పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య నడిచే పడవల్లో పాతూరి నాగభూషణం పుస్తకాలు పెట్టించారు. పడవ ఎక్కినవారు పుస్తకం తీసుకుని చదువుకునేవారు. దాన్ని పడవ గ్రంథాలయం అన్నారు. పడవ ప్రయాణంలో కుదుపు లేదు, తొందర లేదు. చదవటానికి అంతకన్న మంచి బండి ఏదుంటుంది?

మెట్రోలో పుస్తకాల వేట

ఇప్పుడు ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాల దుకాణాలకు లోటు లేదు. కాని వాటిలో చాలాభాగం పోటీ పరీక్షల పుస్తకాలే. జిల్లాలనుంచి వచ్చిన అన్నయ్యలూ, అక్కయ్యలూ అక్కడి హాస్టళ్ళలో ఉండి, రాత్రింబగళ్ళు చదివి, ఉద్యోగాల పరీక్షలకు తయారవుతారు. ఆ పుస్తకాలు వాళ్ళకు అన్నం పెట్టేవి. సెలవలకు మాత్రం ఇంకొక రకం కావాలి. దానికోసం కొంచెం దూరం పోవాలి.

2018 సెప్టెంబరు 24 నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో రైలు నడుస్తున్నది. రైలు బయలుదేరగానే వచ్చే మొదటి స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కట్టించిన సరూర్‌నగర్ భవనాన్ని అనాథ బాలల వసతిగృహంగా మార్చి, విక్టోరియా రాణి జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. స్టేషనుకు పేరు దానివల్లనే వచ్చింది. తరవాత చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ముసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట వస్తాయి. ఆ పైన మూసీనది దగ్గర మహాత్మాగాంధీ బస్ స్టేషను. ఆ సమీపాన అఫ్జల్‌గంజ్‌లో, నది ఒడ్డునే, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. 1891లో అసఫియా గ్రంథాలయమనే పేరుతో ఇది మొదలైంది.

దాని తరవాతి స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ దిగితే కోఠీ. కోఠీలో పాత పుస్తకాల దుకాణాలున్నాయి. ఆదివారంనాడు ఆబిడ్స్ వీధుల్లో పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరిచి అమ్ముతారు. గుట్టలో వెతికే ఓపిక ఉండాలి, బేరమాడే నోరు ఉండాలి. అమ్మను వెంట తీసుకుపోతే రెండో లోటు తీరుతుంది.

కోఠీ దగ్గర సుల్తాన్ బజారులో ఇంకొక చోటు ఉన్నది. 1901 సెప్టెంబరు 1న స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మొదలైన వారు పూనుకుని దాన్ని నెలకొల్పారు. ఆ కాలాన నిజాం రాజ్యంలో ప్రభుత్వ వ్యవహారమంతా ఉర్దూలో జరిగేది. తెలుగు చదువుకునేవారికి తెలుగు పుస్తకం దొరకటమే కష్టం. పుస్తకం కోసం ఇంత శ్రమపడినవారు ఉన్నారని తెలిస్తే, మనం పుస్తకాన్ని నిర్లక్ష్యంగా ఎంచము.

దుకాణంలోగాని గ్రంథాలయంలోగాని పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు మూడు పరీక్షలు చెయ్యండి. మొదటిది వేళ్ళ పరీక్ష. మధ్యలో ఒక పేజీ తెరిచి చదవండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవండి. ఒకటి రెండు వేళ్ళు ముడిస్తే అది దారిలో చదవటానికి బాగుంటుంది. మూడు నాలుగు అయితే ఊరు చేరి స్తిమితంగా చదవాలి. పేజీ పూర్తికాక ముందే అయిదు వేళ్ళూ ముడుచుకుంటే దాన్ని పెద్దవాళ్ళతో కలిసి చదవాలి. రెండోది బరువు పరీక్ష. పుస్తకాన్ని ఒక్క చేత్తో ఎత్తి, నూరు లెక్కపెట్టే దాకా పట్టుకోండి. చెయ్యి నొప్పి పుడితే ఆ పుస్తకం ఇంట్లో ఉండవలసిందే. మూడోది అచ్చయిన సంవత్సరం చూడటం. అది ముందే చెప్పుకున్నాం.

ఎక్కడికీ పోనివారికి

సెలవలంటే అందరూ ప్రయాణం చేస్తారని కాదు. కొందరి అమ్మానాన్నలకు సెలవు దొరకదు. కొందరికి డబ్బు సరిపడదు. ఎల్బీ నగర్ కూడలిలో బస్సులెక్కేవారిని చూసి వాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. విజయవాడ రోడ్డు మీదనే, ఎల్బీ నగర్‌కు కొద్ది దూరంలో, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు అది నిజాముల వేట అడవి. 1975లో దాన్ని వన్యప్రాణులకు రక్షణ స్థలం చేశారు. అక్కడ కృష్ణజింకలున్నాయి. మగ జింకకు వయసు వచ్చినకొద్దీ వీపు నల్లబడుతుంది, పొట్ట తెల్లగానే ఉంటుంది. కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి. ఆడ జింక లేత గోధుమరంగులో ఉంటుంది. దానికి సాధారణంగా కొమ్ములుండవు. ప్రాణభయంతో పరిగెత్తినప్పుడు ఈ జింక గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. హైదరాబాదు రోడ్డు మీద బస్సు కూడా అంత వేగంగా పోదు!

ఇటువంటి చోటికి బొమ్మలున్న పుస్తకం కావాలి. పక్షులను గుర్తుపట్టటం నేర్చుకోవటానికి సలీం అలీ 1941లో ఇంగ్లీషులో రాసిన భారతీయ పక్షుల పుస్తకం లక్షలమందికి తోడ్పడింది. దానిలాగా బొమ్మ, పేరు, పరిమాణం, కూత, గూడు అన్నీ వివరించే పుస్తకం తెలుగులో చిన్నది దొరికినా చాలు. దాన్ని పట్టుకుని ఉదయం పూట సరూర్‌నగర్ చెరువు కేసి పోయి, కొంగ ఏదో నీటికాకి ఏదో పోల్చుకోండి. ఇంట్లో కూర్చుని చదివితే ఆ పుస్తకం సగమే చదివినట్టు. చెరువు ఒడ్డున మిగతా సగం పూర్తవుతుంది. బస్సు ఛార్జీ పెట్టి దూరం పోయినవారికన్న మీరు తక్కువ చూశారని ఎవరూ అనలేరు.

చివరి మాట. సంచీలో మూడో పుస్తకం ఒకటుండాలి. అది తెల్లకాగితాల నోటుపుస్తకం. ఏ రోజు ఎక్కడికి పోయారు, ఏమి చూశారు, ఏది పుస్తకంలో ఉన్నట్టు ఉన్నది, ఏది లేదు, ఇవన్నీ రాత్రి పడుకోబోయే ముందు నాలుగు పంక్తులు రాయండి. వీరాస్వామయ్య చేసినది కూడా ఇదే.

ఇంకొక సంగతి. మంచి పుస్తకం బయలుదేరే రోజు ఉదయం అడిగితే దొరకదు. గ్రంథాలయంలో దాన్ని ఇంకొకరు తీసుకుపోయి ఉండవచ్చు. కోఠీలో వెతకటానికి ఒక పూట పట్టవచ్చు. కనక ఏ దారిన పోయేదీ ఇంట్లో తేలిన నాడే పుస్తకాల జాబితా రాసుకోండి. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు ఒక ఆదివారం పెద్దవాళ్ళను బతిమాలి మెట్రో ఎక్కండి. గ్రంథాలయం పుస్తకమైతే తిరిగి ఇవ్వవలసిన తేదీ కూడా చూసుకోండి. మీరు ఊళ్ళో ఉండగా గడువు దాటిపోతే, దానికోసం ఇంకొక పిల్లవాడు ఇక్కడ ఎదురుచూస్తూ ఉంటాడు.